భుజం కదలొద్దు... అంచు ఊగాలి!

ఏప్రిల్ రెండోవారం. మధ్యాహ్నం రెండు గంటలు. కాలేజీ నుంచి వస్తూనే ఆ అమ్మాయి ఫ్యాను కింద కూలబడింది. వీపుకి అతుక్కుపోయిన కుర్తీని వేళ్లతో లాక్కుంటూ ‘ఇంక దీన్ని వేసుకోనమ్మా, మెడంతా చెమటకాయలే’ అంది. ‘సరేలే, వదులుగా ఒకటి కుట్టిస్తా... కాదు కాదు, నేనే కుడతా’ అంది అమ్మ.

పెళ్లికి ముందు నేర్చుకున్న కుట్టుపని ఆమెది. బీరువాలో రెండు మీటర్ల పూల కాటన్ ఉంది. కూతురికి సరిగ్గా సరిపోయే కుర్తీనే ఆది పెట్టుకుంది. చుట్టూ రెండేసి అంగుళాలు వదిలి సుద్దముక్కతో గీత గీసింది. కత్తిరించింది, కుట్టింది. సాయంత్రానికి టాప్ తయారు. వేసుకుని అద్దం ముందు నిలబడ్డ అమ్మాయి మొహం చిన్నబోయింది. భుజాలు మోచేతుల వైపు జారిపోతున్నాయి. చెయ్యెత్తితే టాప్ మొత్తం పైకి లేస్తోంది. కింద మాత్రం మునుపటిలాగే గోనెసంచిలా నిటారుగా నిలబడింది. ‘ఎవరిదో అడిగి తెచ్చుకున్నట్టుందమ్మా!’

ఈ ఒక్క ఇంట్లోనే కాదు, ఏటా వేసవిలో చాలా ఇళ్లలో జరిగే తంతే ఇది. వదులు కావాలంటే సైజు పెంచాలనుకుంటాం. అక్కడే పొరపాటు. గాలికి తేలేలా ఉండే వేసవి టాప్‌కి, రెండు సైజులు పెద్దదైన టాప్‌కి పోలికే లేదు. మొదటిది భుజాల దగ్గర కొలతకి సరిగ్గా ఉండి, కిందికి వచ్చేకొద్దీ విచ్చుకుంటుంది. రెండోది అన్నిచోట్లా వేలాడుతుంది.

వదులు ఎందుకు చల్లన?

రోహిణి కార్తె ఎండలకి రోళ్లు పగులుతాయంటారు. అలాంటి ఎండల్లో మన ఒంటిని చల్లబరిచేది చెమటే. అది ఆవిరైతేనే చల్లదనం. బట్ట ఒంటికి అంటుకుపోతే గాలి ఆడదు, చెమట ఆరదు. వదులు బట్టకీ ఒంటికీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. నడిచినప్పుడల్లా అంచు ఊగి, ఆ ఖాళీలోని వేడిగాలి బయటికి పోయి కొత్త గాలి లోపలికొస్తుంది.

ఎడారుల్లో ఉండే బెదూయిన్లు నల్లటి పొడవాటి అంగీలు వేసుకుంటారు. అంత ఎండలో నలుపేంటని శాస్త్రవేత్తలకీ అనుమానం వచ్చింది. 1980లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన పరిశోధన దానికి జవాబు చెప్పింది. నల్ల అంగీ తెల్లదానికన్నా ఎక్కువ వేడిని పీల్చుకుంటుంది, నిజమే. కానీ ఆ ఎక్కువ వేడి ఒంటిని చేరేలోపే పోతోంది. చివరికి ఒంటికి తగిలే వేడి రెండింట్లోనూ ఒకటే. అంగీ వదులుగా ఉండటంలోనే ఉంది కిటుకంతా!

ఆదిలో ఏది మార్చాలి... ఏది మార్చకూడదు?

అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ 1863లో రకరకాల సైజుల్లో కాగితపు నమూనాలు అమ్మడం మొదలుపెట్టాడు. వాటిని బట్టమీద పరిచి కత్తిరించుకోవడమే. మన ఇళ్లలో ఆ పని చేసేది ఆది. చక్కగా కుదిరిన పాత జాకెట్టో కుర్తీనో దర్జీకి ఇచ్చి ‘ఇలాగే కుట్టు బాబూ’ అనడం మనకి అలవాటు. ఆ ఆదినే కాగితం మీదికి ఎక్కిస్తే... దాన్ని ఎన్ని రకాలుగానైనా మార్చుకోవచ్చు.

అయితే ఒక నియమం. టాప్ మొత్తం వేలాడేది భుజాల మీదే. కాబట్టి మెడ, భుజం, చంక గుండ్రం... ఈ మూడింటినీ కదపకూడదు. అవి కుదిరితే కింద ఎంత వెడల్పున్నా అందంగానే ఉంటుంది. చంక కిందికి దిగితే వదులు రాదు సరికదా, చెయ్యెత్తడమే కష్టమవుతుంది. పూల కాటన్ పాడైంది అందుకే. చుట్టూ రెండంగుళాలు పెంచడంతో 14 అంగుళాల భుజం 18 అయింది, చంకా జారింది. పెరగాల్సిన అంచు మాత్రం నాలుగు పక్కలా రెండేసి చొప్పున ఎనిమిది అంగుళాలే పెరిగింది. ఊగడానికి అది చాలదు.

ఒక్కటే చీర

ఆ సంగతి తెలిశాక కూడా అమ్మకి మళ్లీ కత్తెర పట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. కారణం ఉంది. ఈసారి కూతురు తెచ్చిచ్చింది అమ్మమ్మ చీర. లేత ఆకుపచ్చ వెంకటగిరి నూలుచీర. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. ఆవిడ పోయి రెండేళ్లయినా, ట్రంకుపెట్టెలో నాఫ్తలీన్ ఉండల మధ్య అలాగే ఉంది. ‘పెట్టెలో ఉంటే ఎవరు కట్టుకుంటారమ్మా? నేను వేసుకుంటా’ అంది అమ్మాయి. కాదనలేదు. కానీ పూల కాటన్ పోతే ఇంకో రెండు మీటర్లు కొనుక్కోవచ్చు. ఈ చీర తప్పు కోస్తే మళ్లీ ఎక్కణ్నుంచి తెస్తారు?

అందుకే ఈసారి కత్తెర ముందు కాగితం మీద ఆడింది. మీరూ అంతే... బట్ట ఎంత ఖరీదైనదైతే అంత ఎక్కువసేపు కాగితంతో గడపండి. పాత దినపత్రికలు నాలుగు అతికించుకున్నా చాలు.

మొదటి పద్ధతి: కోసి విప్పడం

ఉదాహరణకి ఛాతీ కొలత 34 అంగుళాలనుకోండి. సరిపోయే కుర్తీ ఛాతీ దగ్గర చుట్టూ 38, అంచు దగ్గర 40 ఉందనుకోండి. టాప్ పొడవు 26. ముందుభాగాన్ని మధ్యకి మడిచి, కుట్లు కలుపుకోకుండా కాగితం మీద గీయాలి. అంటే కాగితం మీద ఛాతీ తొమ్మిదిన్నర, అంచు 10 అంగుళాలు వస్తాయి.

ఇప్పుడు కింది అంచు మీద సమదూరంలో రెండు గుర్తులు పెట్టండి. మొదటి గుర్తు నుంచి భుజం మధ్యదాకా ఒక గీత. రెండోదాన్నుంచి చంక వంపు దాకా ఇంకో గీత. అంచు నుంచి గీతల వెంట పైకి కత్తిరిస్తూ వెళ్లండి. చివర్లో మాత్రం తెంపేయొద్దు. నూలుపోగంత కాగితం వదిలేయండి, అదే మడతబందు. ఇంకో పెద్ద కాగితం మీద దీన్ని పరిచి, మధ్య మడత నిటారుగా ఉంచి, ఒక్కో చీలికనీ అంచు దగ్గర రెండేసి అంగుళాలు విప్పండి. విసనకర్ర విచ్చుకున్నట్టు విచ్చుకుంటుంది. పక్క కుట్టు దగ్గర ఇంకో అంగుళం కలపండి.

లెక్క చూద్దాం. 10 అంగుళాల అంచుకి రెండు చీలికల్లో 4, పక్కన 1... మొత్తం 15. నాలుగు పక్కలా కలిపితే 60 అంగుళాలు. అంటే 40 ఉన్న అంచు 60 అయింది! చంక గుండ్రం అంతే ఉంది, భుజమూ అంతే. ఛాతీ దగ్గర అర అంగుళం చొప్పున చుట్టూ రెండంగుళాలు పెరుగుతుంది. వేసవికి అదీ మంచిదే.

రెండు చిన్న సవరణలు మర్చిపోవద్దు. విప్పినచోట భుజం గీత కాస్త వంగుతుంది. మెడ చివర నుంచి భుజం చివరకి స్కేలు పెట్టి తిన్నగా గీసేయండి. అంచేమో పక్కల్లో కోసుగా కిందికి దిగుతుంది. పక్క కుట్టు దగ్గర ముప్పావు అంగుళం దాకా పైకి తెచ్చి, మధ్య నుంచి మెల్లగా వంపు తిప్పండి. లేదంటే వేసుకున్నాక రెండు పక్కలా తోకల్లా వేలాడుతుంది. వెనకభాగాన్నీ ఇలాగే, అంతే విప్పాలి. ముందు, వెనక పక్క కుట్ల పొడవు కొలిచి చూసుకోండి. రెండూ సమానంగా రావాలి.

మీ ఆదికి ఛాతీ దగ్గర డాట్లు ఉన్నాయా? అయితే పని ఇంకా సులువు. అంచు నుంచి డాట్ మొన దాకా నిలువుగా కత్తిరించి, డాట్ రెండు గీతల్నీ దగ్గరికి తెచ్చి టేపు వేసేయండి. పైన డాట్ మూసుకోగానే కింద అంచు దానంతటదే తెరుచుకుంటుంది. డాట్‌లో మడతపడ్డ బట్టే అంచు దగ్గర ఊగుతుందన్నమాట.

రెండో పద్ధతి: యోకు, కుచ్చులు

చీర పరిచి చూశాక అమ్మకి ఒక చిక్కు కనిపించింది. కూతురికి చీర అంచు టాప్ కింద కావాలి. మొదటి పద్ధతిలో అడుగు గుండ్రంగా తిరుగుతుంది. చీర అంచేమో తిన్నగా ఉంటుంది. రెండూ కలవవు. ఇలాంటప్పుడు, అంటే అంచున్న బట్టలకి, యోకు పద్ధతే మేలు.

కాగితం ఆది మీద భుజం నుంచి 5 అంగుళాలు కిందికి కొలిచి అడ్డంగా గీత గీసి కత్తిరించండి. పైముక్క యోకు. దాన్ని ముట్టుకోవద్దు. కిందిముక్కని బట్ట మడత నుంచి 4 అంగుళాలు దూరం జరిపి పరవండి. యోకు గీత దగ్గర ఆరున్నర ఉన్నది పదిన్నర అవుతుంది. ఆ ఎక్కువ 4 అంగుళాలనీ కుచ్చులుగా లాగి మళ్లీ ఆరున్నరకి తేవాలి. ముందూ వెనకా ఇలాగే చేస్తే 40 అంగుళాల అంచు 56 అవుతుంది. అడుగు తిన్నగా ఉంటుంది కాబట్టి చీర అంచు చక్కగా కూర్చుంటుంది.

ఎంత కుచ్చు పెట్టాలన్నది బట్టని బట్టి. మల్‌మల్, వాయిల్, పాత నూలుచీరల్లాంటి పల్చటివాటికి ఒకటిన్నర రెట్లు, ఇంకొంచెం ఎక్కువైనా బాగుంటుంది. మందంగా ఉండే బట్టకి ఒకటింపావు రెట్లు దాటితే పొట్ట దగ్గర బుట్టలా ఉబ్బుతుంది. కుచ్చుల్ని చంకదాకా తీసుకెళ్లకుండా ఒక అంగుళం ముందే ఆపేయండి. లేకపోతే చేతుల కింద ముద్దగా తగులుతుంది. మిషన్ మీద పొడవు కుట్టుతో పక్కపక్కనే రెండు వరసలు వేసి, బాబిన్ దారాలు రెండూ కలిపి లాగితే కుచ్చులు సమంగా వస్తాయి.

ఈ పద్ధతితో ఇంకో లాభం ఉంది. పల్చటి బట్ట లోపలికి కనిపిస్తుందని మొత్తానికి లైనింగ్ వేస్తే చల్లదనం పోతుంది. దానికి బదులు యోకు ఒక్కటే రెండు పొరలుగా కుట్టుకోవచ్చు. కిందిభాగానికి లోపల స్లిప్ చాలు. కుట్టు అంచులన్నీ రెండు పొరల మధ్యకి పోతాయి కాబట్టి చెమట పట్టిన ఒంటికి గుచ్చుకోవు కూడా.

ఏ బట్ట తేలుతుంది?

నమూనా ఎంత బాగా మార్చినా బట్ట సహకరించాలి. కొట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. బట్టని మధ్యలో రెండు వేళ్లతో పట్టి పైకెత్తండి. మూసిన గొడుగులా మడతలు పడి జారితే అది తేలే బట్ట. గుడారంలా విచ్చుకుని నిలబడితే కాదు. మంగళగిరి నూలు గట్టిగా, బిర్రుగా ఉంటుంది. దానికి కుచ్చులకన్నా కోసి విప్పే పద్ధతే నప్పుతుంది. మల్‌మల్, వాయిల్ రెండింటికీ పనికొస్తాయి. రేయాన్ బాగా జారుతుంది, చెమటనీ పీలుస్తుంది. కాకపోతే తడిసినప్పుడు బలం తగ్గుతుంది, గట్టిగా పిండకూడదు. పాలిస్టర్ జార్జెట్ చూడ్డానికి గాలిలో తేలినట్టే ఉంటుంది కానీ చెమట పీల్చదు. ఎండాకాలం పగటిపూటకి అది పనికిరాదు.

కొత్త నూలుబట్టని కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయండి. తొలి ఉతుకులోనే కాటన్ మీటరుకి అంగుళం, ఒక్కోసారి రెండంగుళాలు కూడా కుదించుకుపోతుంది. 44 అంగుళాల పన్నా ఉన్న బట్టయితే పైన చెప్పిన కొలతలకి రెండు మీటర్లు తీసుకుంటే చేతులతో సహా నిశ్చింతగా సరిపోతుంది.

పాత చీరైతే నానబెట్టే పనిలేదు కానీ, వెలుతురుకి ఎదురుగా పట్టి చూడాలి. కుచ్చిళ్లు దోపుకునే చోట, నేలకి రాసుకునే అడుగున బట్ట పల్చబడి ఉంటుంది. అమ్మ చీరనంతా కిటికీ దగ్గర పట్టి చూసి, పోగులు విడిపోయిన చోటల్లా సుద్దతో సున్నా చుట్టింది. నడుం దగ్గర కట్టి కట్టి అరిగిన మూర పొడవు బట్ట పనికిరాదని తేలింది. ఆ ముక్కని మాత్రం చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

పాత దుప్పటితో రిహార్సల్

కాగితం సిద్ధమైనా నేరుగా మంచి బట్ట మీదికి వెళ్లొద్దు. పాత దుప్పటో, చున్నీయో కత్తిరించి పెద్ద కుట్లతో గబగబా కుట్టి వేసి చూడండి. చేతులు పైకెత్తమనండి, వంగమనండి, కూర్చోమనండి. భుజం కుట్టు భుజం ఎముక మీదే ఉందా? మెడ ముందుకి ఉబ్బుతోందా? తేడా ఉంటే కాగితం మీదే దిద్దుకోండి. అమ్మ చేసిన మొదటి రిహార్సల్‌లో కుచ్చులు మరీ పైన పడ్డాయి. యోకు ఇంకో అర అంగుళం కిందికి దించాల్సి వచ్చింది. దుప్పటి పోయిందే కానీ చీర మిగిలింది.

ఇక అసలు కుట్టు. పల్చటి బట్టకి 9 లేదా 11 నంబరు సూది వాడండి. జీన్స్ కుట్టే లావు సూది పోగుల్ని లాగేస్తుంది. మెడకి బకరం వద్దు, క్రాస్ పట్టీతో సన్నటి పైపింగ్ చాలు. కోసి విప్పే పద్ధతిలో కుట్టినప్పుడు అంచు వెంటనే మడవకండి. టాప్‌ని ఒక రోజంతా హ్యాంగర్‌కి వేలాడదీయండి. ఏటవాలుగా పడిన చోట బట్ట సాగుతుంది. సాగాల్సింది సాగాక నేల నుంచి కొలిచి సమం చేసుకుని, పావు అంగుళం సన్నమడతతో ముగించండి. వెడల్పు మడత పెడితే ఆ బరువుకి అంచు ఊగదు. గంజి జోలికీ వెళ్లొద్దు.

అన్నట్టు... ఊగే అంచు అందమే కానీ జాగ్రత్తా అవసరమే. ఇలాంటి టాప్‌లకి చేతులు కూడా వెడల్పుగా పెట్టుకుంటే పొయ్యి దగ్గర పైకి మడుచుకోవాలి. పల్చటి నూలుబట్ట ఇట్టే అంటుకుంటుంది. బండి వెనక కూర్చునేటప్పుడు అంచుని ఒళ్లోకి తీసుకుని కూర్చోవాలి. చక్రం పక్కకి వదిలేయకూడదు.

ఆ ఇంట్లో టాప్ తయారవడానికి మూడు రోజులు పట్టింది. అందులో రెండు రోజులు కాగితానికీ దుప్పటికీ పోయాయి. మూడోరోజు సాయంత్రం అమ్మాయి వేసుకుని వాకిట్లోకి వచ్చింది. భుజం భుజం మీదే ఉంది. అంతలో గాలి వచ్చిందేమో, కింద చీర అంచు మెల్లగా ఊగింది. ‘ఎలా ఉందమ్మా?’ అనడిగితే అమ్మ వెంటనే ఏమీ అనలేదు. దగ్గరికి రమ్మని, భుజం కుట్టు ఒకసారి సవరించి, ‘ఉక్కగా లేదుగా?’ అంది. ‘అస్సల్లేదు.’

చీరలో సగానికి పైగా ఇంకా మిగిలే ఉంది. వచ్చే వేసవికి ఇంకోటి కుట్టొచ్చు. కొలతలన్నీ రాసిన ఆ కాగితాన్ని అమ్మ జాగ్రత్తగా మడిచింది. పైన కూతురి పేరు, ఛాతీ 34, పొడవు 26, తారీఖు వేసింది. మిగిలిన చీరతోపాటు మళ్లీ అదే ట్రంకుపెట్టెలో పెట్టింది. మీరూ అలా రాసి దాచుకోండి. ఒక్కసారి కుదిరిన కాగితం ఉంటే, ఇంకోసారి ఎంత అపురూపమైన బట్ట చేతికొచ్చినా కత్తెర పట్టుకోవడానికి భయపడక్కర్లేదు.